బోర్డు మీద రెండు

తవిటమ్మ చేతులు మూడుసార్లు కడుక్కుంది. ఒకసారి బజారులో పంపు దగ్గర, ఇంకోసారి కాలేజీ ఎదురుగా టీ కొట్టువాడిచ్చిన నిమ్మచెక్కతో, ఆఖరికి కాలేజీ లోపల కుళాయి కింద. అయినా నీచు వాసన పోయిందన్న నమ్మకం కుదరలేదు. సగం కవళ్ళ చేపలు ఇంకా మిగిలివున్న గంపను పక్కన కూచుని అమ్మే చిన్నతల్లికి అప్పగించి వచ్చింది. మూడు దాటాక ఆ చేపల్ని ఎవరూ అడగరని తెలుసు. కానీ తల్లో తండ్రో ఎవరో ఒకరు రాకపోతే కుదరదని తులసి ఫోన్లో నాలుగుసార్లు చెప్పింది.

తులసి ఆమెకు ఒక్కతే కూతురు. శ్రీకాకుళంలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ మూడో ఏడు చదువుతూ హాస్టల్లో ఉంటోంది. తండ్రి పొడుగు వచ్చింది. ఆ పొడుగు చూసే మొదటి ఏడు కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడమన్నారు. ఊళ్ళో ఎవరైనా అడిగితే, ఎత్తున ఉన్న ఇనప రింగులో బంతి వేసే ఆట అని తవిటమ్మ చెబుతుంది. అంతకు మించి ఆమెకు తెలీదు. నవంబరులో విజయనగరంలో కాలేజీల మధ్య పోటీలు ఉన్నాయని, అక్కడ ఆట చూసి యూనివర్సిటీ జట్టుకి పిల్లల్ని ఏరుకుంటారని, మొదటినుంచీ కోర్టులో ఉండే ఐదుగురి మీదే వాళ్ళ చూపు ఉంటుందని మాత్రం తులసి పదేపదే చెప్పింది. ఇదే ఆఖరి ఏడు. ఈసారి ఆ ఐదుగురిలో లేకపోతే ఇంకెప్పుడూ లేనట్టే.

ఆటల గదిలో పదిహేనుమంది దాకా కూచున్నారు. పిల్లలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆటలు నేర్పే ఝాన్సీ మేడమ్ మెళ్ళో విజిలు, చేతిలో అట్టముక్కలు పట్టుకుని మాట్లాడుతోంది. ముప్పైయ్యేళ్ళుంటాయేమో. ఈ ఏడు కొత్త పద్ధతి పెడుతున్నానంది. ఒక్కో ఆటగత్తెకీ ఒక అట్ట. ఆ పిల్ల ఒక్కో మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు చేస్తుందని ఆశిస్తున్నారో ఇంటివాళ్ళు అందరి ముందూ చెప్పాలి, ఆ అంకె అట్ట మీద రాసి సంతకం పెట్టాలి. అట్టలన్నీ బోర్డుకి అంటిస్తుంది. నోటితో పైకి అన్నదానికి బాధ్యత ఉంటుందని, మనసులో దాచుకుంటే ఉండదని చెప్పింది. నిరుడు మొదటి రౌండులోనే ఓడిపోయి వచ్చినందుకు ప్రిన్సిపాల్ తనని ఎన్ని మాటలన్నారో కూడా చెప్పింది. ఆ అంకెలు చూసుకుని వచ్చే గురువారం సాయంత్రం మొదటి ఐదుగురి పేర్లు చదువుతుంది.

ముందుగా హైమ తండ్రి ఉమాపతి లేచాడు. ఆయనకి శ్రీకాకుళంలోనే బట్టల కొట్టుంది. తవిటమ్మ ఆయన్ని ఎరుగును, వారానికోసారి ఆ కొట్టు ముందునుంచే గంపతో పోతుంది.

"పదిహేను రాసీండి మేడమ్. అనుకుంటేనే అవుతాది ఏదైనా," అన్నాడాయన.

పిల్లలు చప్పట్లు కొట్టారు. తరవాత ఒక టీచరమ్మ తన కూతురికి పది అంది. ఇంకొకాయన ఎనిమిది అన్నాడు, భార్య మోచేత్తో పొడిస్తే తొమ్మిది చేశాడు. అంకెలు ఒక్కో కుర్చీ దాటుకుంటూ తన వైపు వస్తుంటే తవిటమ్మ కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగింది.

ఆమె ఇంట్లో అలాంటి మాట పైకి అనరు. సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషిని ఎన్ని తెస్తావని అడగరు. పడవ నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ చేపల లెక్క మాట్లాడరు. ఇసకలో గంప దించాకే ఎన్ని పడ్డాయని చూసుకోవడం. వాళ్ళ పేటలో కొందరిళ్ళల్లో ఇప్పుడు ఈ పట్టింపు పోయింది. తవిటమ్మ ఇంట్లో పోలేదు. పోనిచ్చే ధైర్యం ఆమెకి లేదు.

పెళ్ళయిన రెండో నెలలో ఆమె ఒకసారి అడిగింది. తెల్లవారుజామున మొగుడు లక్ష్ముడు వల భుజాన వేసుకుంటుంటే, కొత్త మురిపెంతో, ఈ రోజు నాకు ఎన్ని గంపలు తెస్తావని అడిగింది. అతను నవ్వి నాలుగు అన్నాడు. ఆ రోజు వల బండరాళ్ళకి తట్టుకుంది. లాగబోతే తాడు మెలిక పడి లక్ష్ముడి అన్న రాముడి ఎడం చేతి వేళ్ళు రెండు తెగిపోయాయి. తవిటమ్మని ఎవరూ ఒక్క మాటా అనలేదు. తోటికోడలు లక్ష్మణమ్మ అయితే ఇన్నేళ్ళలో ఆ సంగతే ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదని తవిటమ్మకి చాలాసార్లు అనిపించింది. ఇప్పటికీ బావగారికి కంచంలో అన్నం వడ్డించేటప్పుడు ఆమె ఆ చేతి వైపు చూడదు.

ఈ రోజు తెల్లవారుజామున మూడింటికి అన్నదమ్ములిద్దరూ వేటకి వెళ్ళారు. ఇంకా తిరిగి రాలేదు.

"తులసి అమ్మగారూ, మీరు చెప్పండి," అంది ఝాన్సీ మేడమ్.

తవిటమ్మ లేచి నిలబడింది. "ఏటీ నేదు మేడమ్‌గోరు. ఎల్తాది, ఆడతాది, వస్తాది," అంది.

ఒకరిద్దరు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఒక అంకె చెప్పాలమ్మా అని మెత్తగానే అడిగింది. తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు మేడమ్ అట్ట పక్కన పెట్టి, ఇంట్లోవాళ్ళకి ఆడించడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పేస్తే మంచిదని, ఆ స్థానంలో ఇంకో పిల్లని తయారుచేసుకోడానికి తనకి టైము ఉంటుందని అంది. కోపంగా అనలేదు. తవిటమ్మ వెనక్కి తిరిగి గోడ దగ్గర తులసి ముఖం చూసింది. ఆ పిల్ల పెదవులు బిగించి, కళ్ళతోనే చెప్పమంటోంది.

చెప్పక తప్పదు. చెబితే చిన్నది చెప్పాలి. ఎంత చిన్నదైతే అంత తక్కువ కీడు. ఒకటి అందామంటే, లెక్కపెట్టేటప్పుడు ఒకటిని ఒకటి అనే అలవాటు ఆమెకి లేదు. బజారులో చేపలు ఎంచి గంపలో వేసేటప్పుడు మొదటిదాన్ని లాభం అంటుంది, తరవాతే రెండు, మూడు. ఇంతమందిలో లాభం అంటే ఏం బాగుంటుంది? ఆ తరవాతిదే ఆమె నోటికి తెలిసిన అన్నిటికంటే చిన్న అంకె.

"రెండు," అంది.

ఈసారి అందరూ నవ్వారు. ఉమాపతి కూడా వెనక్కి తిరిగి చూశాడు. నిరుడు తులసి మ్యాచ్‌కి తొమ్మిది చేసిందమ్మా, రెండేమిటి అని మేడమ్ అడిగింది. తవిటమ్మ రెండే అంది. మేడమ్ నీలం స్కెచ్ పెన్నుతో అట్ట మీద పెద్దగా రెండు వేసింది. తులసి నేర్పిన సంతకం తవిటమ్మ దాని కింద పెట్టింది. ఒక అక్షరం కిందికి జారింది.

బజారుకి తిరిగి వెళ్ళకుండా నేరుగా శ్రీకూర్మం ఆటో ఎక్కింది. అక్కడినుంచి పేటకి నడిచింది. నాలుగింటికల్లా రావలసిన పడవ ఐదున్నరకీ రాలేదు. మిగతా పడవలు ఇసక మీదకి లాగి ఉన్నాయి. ఆమె ఎవరినీ ఏమీ అడగకుండా నీళ్ళ అంచున నిలబడింది. లక్ష్మణమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది. పొద్దున పొయ్యి మీద పాలు పొంగిపోయాయని ఏదో చెప్పుకుపోతోంది. తవిటమ్మకి ఒక్క ముక్కా తలకెక్కలేదు. రెండు అన్నాను, రెండు అన్నాను, అదే తలలో తిరుగుతోంది.

ఆరు దాటాక పడవ వచ్చింది. ఇంజను మధ్యలో ఆగిపోయిందని, ప్లగ్గు విప్పి తుడుచుకుని తొడిగేసరికి ఆలస్యమైందని లక్ష్ముడు చెప్పాడు. గంపకి సగం కానాగంత చేపలు పడ్డాయి. మనుషులిద్దరూ బాగానే ఉన్నారు. తవిటమ్మ మొగుడికి కాలేజీ సంగతి చెప్పలేదు. మీటింగు బాగా జరిగిందంది.

మర్నాడు సాయంత్రం తులసి ఫోన్ చేసింది. ఏడుపు గొంతులో ఉన్నా మాటలు కోపంగానే వచ్చాయి. అట్టలన్నీ బోర్డు మీద పెట్టారట. హైమకి పదిహేను, ఆ పక్కనే తులసికి రెండు. మెస్సులో పిల్లలు దోసెలు వడ్డిస్తూ 'నీకు రెండే కదే' అంటున్నారట. బంతి అందిస్తూ కూడా రెండూ అని పిలుస్తున్నారట.

"నీకు తెలుసేటి, బంతి ఒక్కపాలి రింగులో పడితేనే రెండొస్తాయి. మ్యాచంతా తిరిగి నానొక్కపాలే ఏస్తానని సెప్పీసి వచ్చినావు," అంది.

తవిటమ్మకి అది తెలీదు. పెద్ద తప్పు జరిగిపోయిందని మాత్రం అర్థమైంది. గురువారం లోపల ఇంటివాళ్ళు ఫోన్ చేసి మార్చుకోవచ్చని మేడమ్ అందట. పన్నెండు అని ఒక్క మాట చెప్పమంది తులసి.

"నువ్వు సెప్పుకోరాదేటే?"

"ఇంట్లోవోళ్ళే సెప్పాలంట." ఆ పిల్ల పక్కవాళ్ళకి వినబడకుండా గొంతు తగ్గించింది. "నువ్వెందుకు సెప్పవో నాకు తెల్దనుకుంతన్నావా? నాన్న పడవకీ నా ఆటకీ ఏటమ్మా? ఈళ్ళకి సెప్తే నవ్వుతారు. నాను సెప్పుకోనేను."

తులసి ఫోన్ పెట్టేసింది.

సోమవారం బజారులో ఆమె రెండుసార్లు చిల్లర తప్పు ఇచ్చింది. మంగళవారం మేడమ్ నంబరు రాసుకున్న కాగితం తీసి చూసి మళ్ళీ కొంగులో మూట కట్టుకుంది. పడవలు నీళ్ళలో ఉన్నాయి. పడవ ఒడ్డున ఉన్న రోజు చెబితే ఏమీ కాదు కదా అని ఆలోచన వచ్చింది. కానీ వేట మానే రోజు ఏది? గురువారం దాటిపోతే ఇంక చెప్పినా ప్రయోజనం లేదు. అన్నం సహించలేదు. తులసిని ఐదుగురిలో లేకుండా చేసిన తల్లిని అనిపించుకుంటానేమోనని ఒకవైపు, నోరు జారితే ఏమైపోతుందోనని ఒకవైపు.

బుధవారం గాలి మారింది. వేటకి వెళ్ళొద్దని పొద్దున్నే మైకులో చెప్పారు. పడవలన్నీ పైకి లాగేశారు. లక్ష్ముడు అరుగు మీద కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. తవిటమ్మకి ప్రాణం లేచివచ్చింది. ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. పన్నెండు, పన్నెండు అని లోపల అనుకుంటూ నిలబడింది.

ఇంతలో ఆమెకి ఇంకో సంగతి తట్టింది. పడవ ఒడ్డున ఉంటే ఏం? విజయనగరం వెళ్ళేది పడవ కాదు, తులసి. నవంబరు వస్తే బస్సెక్కి వెళ్ళి పదిమందితో గుద్దుకుంటూ ఆడేది తులసి. ఎన్ని తెస్తావని తను అడగబోతున్నది ఆ పిల్లని. అటునుంచి హలో అని మేడమ్ గొంతు వినిపించింది. తవిటమ్మ ఫోన్ ఆపేసింది.

వెనక్కి తిరిగితే లక్ష్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరికి ఫోనని అడిగాడు. ఇంక దాచలేక మొత్తం చెప్పేసింది. మీటింగూ, నవ్వులూ, రెండూ, గురువారం గడువూ. అతను చేతిలోని దారం ఉండ చుట్టుకుంటూ విన్నాడు.

"శనివారం నాను నీళ్ళ మీదుంటే రెండని సెప్పీసినావా?"

"సెప్పీసినాను మావా."

"మరి వచ్చీసినాను కదే."

"నువ్వొచ్చీసినావు. అదింకా ఎల్లనేదు కదా."

లక్ష్ముడు దారం ఉండ చుట్టడం పూర్తిచేశాడు. నీ భయం తప్పని అతను అనలేదు, ఒప్పనీ అనలేదు. ఆఖరికి, సెప్పకపోతే సెప్పకు, ఎందుకు సెప్పలేవో అయినా ఆవిడికి సెప్పిరా, అది సెప్పడానికేటి, అని మళ్ళీ వల దగ్గరికి వెళ్ళిపోయాడు.

గురువారం ఆమె బజారుకి గంప తీసుకుపోలేదు. ఉతికిన చీర కట్టుకుని నాలుగింటికి కాలేజీకి వెళ్ళింది. కోర్టులో పిల్లలు పరుగులు తీస్తున్నారు. తల్లిని చూసి తులసి ఆగిపోయింది. దగ్గరికి రాలేదు. ఝాన్సీ మేడమ్ విజిలు ఊది అందరికీ విశ్రాంతి ఇచ్చి, తవిటమ్మని ఆటల గదిలోకి తీసుకెళ్ళింది. తులసిని కూడా పిలిచింది. బోర్డు మీద అట్టలు వరసగా ఉన్నాయి. నీలం రంగు రెండు దూరంనుంచే కనిపిస్తోంది.

తవిటమ్మ నిలబడే చెప్పింది. వేట సంగతి, తను కొత్త పెళ్ళికూతురిగా అడిగిన మాట, బావగారి వేళ్ళు. ఆ వేళ్ళ సంగతి ఆమె బయటివాళ్ళకి చెప్పడం ఇదే మొదలు. చెబుతూ తులసి వైపు చూడలేదు. పెదనాన్న చెయ్యి అలా ఎందుకుందో తులసికి తెలుసు కానీ, ఆ పొద్దున అడిగింది తన తల్లేనని తెలీదు. ఆ పిల్ల జెర్సీ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"దానికి ఆటంటే ఇష్టమే మేడమ్‌గోరు. మాకూ ఇష్టమే. ఇష్టం నేక కాదు," అంది తవిటమ్మ.

మేడమ్ కుర్చీలో కూచుని నుదురు రుద్దుకుంది. ఇది ఆ రోజే చెప్పాల్సిందమ్మా అంది. తను నవ్వదని, నమ్మకం ఎవరిది వాళ్ళదని అంది. కానీ పదకొండుమంది ఇళ్ళవాళ్ళు అంకెలు చెప్పి సంతకాలు పెట్టారు. రెండు మీదే ఉన్న పిల్లకి మినహాయింపు ఇచ్చి ఐదుగురిలో పెడితే రేపు ఉమాపతిగారే వచ్చి అడుగుతారు, మా పిల్ల పదిహేనుకి కట్టుబడితే ఈ పిల్ల ఏ లెక్కన ముందు ఆడుతోందని. మేడమ్ లేచి బోర్డు మీదనుంచి అట్ట తీసి, పెన్ను తులసి చేతిలో పెట్టింది.

"మీ అమ్మ చెప్పక్కర్లేదు. నువ్వే రాయి. అదే లెక్క."

తవిటమ్మ గబుక్కున కిటికీ వైపు తిరిగింది. "రాసుకోయే. నాను సూడను. నాకు సెప్పకు కూడా," అంది.

బయట బంతి నేల మీద కొడుతున్న చప్పుడు. తవిటమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. రాస్తుంది, రాయనీ, దాని బతుకు దానిది, ఏమైనా అయితే నా మీదకి రానీ, అని ఏవేవో అనుకుంది. పెన్ను మూత తీసిన టిక్కుమన్న శబ్దం వినిపించింది. ఆ తరవాత ఏమీ వినిపించలేదు. అంత ఆలస్యం ఎందుకో ఆమెకి తెలీలేదు. వారం రోజులుగా పన్నెండు పన్నెండు అని ప్రాణం తీసిన పిల్ల.

మళ్ళీ మూత పెట్టిన శబ్దం.

"ఆడతాను మేడమ్. ఎంతసేపు ఆడమంటే అంతసేపు ఆడతాను. ముందు చెప్పలేను," అంది తులసి. 

"అలాగైతే ఐదుగురిలో పెట్టలేను తులసీ."

"తెలుసు మేడమ్."

తవిటమ్మ తిరిగి చూసేసరికి అట్ట బల్ల మీద ఉంది. దాని మీద రెండు అలాగే ఉంది. పక్కన కొత్తగా ఏమీ లేదు. ఒద్దే, రాసీ అని చెప్పబోయింది కానీ మేడమ్ అప్పటికే అట్ట తీసుకుని సొరుగులో పడేసింది. తిరిగి బోర్డుకి పెట్టలేదు. బయటికి వెళ్ళి విజిలు ఊది, పిల్లల్ని నిలబెట్టి ఐదు పేర్లు చదివింది. హైమ పేరు మొదట ఉంది. తులసి పేరు ఐదు అయిపోయాక, ఆరోదిగా వచ్చింది. ఎవరూ రెండూ అనలేదు. హైమ మాత్రం తులసి వైపు చూసి, ఏం జరిగిందన్నట్టు చెయ్యి తిప్పింది.

తులసి వచ్చి కోర్టు పక్కన తల్లి కూచున్న సిమెంటు గట్టు మీదే కూచుంది. బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే అడిగినావని ఎప్పుడూ సెప్పనేదేటి?"

"ఏటని సెప్తానే."

 తవిటమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆరోది అంటే ఏం చేస్తారని అడిగింది. పక్కన కూచుంటారని, ఐదుగురిలో ఎవరైనా అలిసిపోతే లోపలికి పంపుతారని తులసి చెప్పింది. అలా పంపకపోతే మ్యాచంతా కూచోవడమేనంది. విజయనగరంలో ఏరేవాళ్ళు కూచున్నవాళ్ళని చూడరని కూడా అంది.

తవిటమ్మ కోర్టు వైపు చూసింది. మధ్యాహ్నం ఎండకి కాగిన సిమెంటు మీద ఐదుగురు అటూ ఇటూ పరిగెడుతున్నారు. రింగు కింద ఎగిరి దిగుతున్న హైమ మెడ వెనక చెమట మెరుస్తోంది.

"ఎవరో ఒకరు అలిసిపోతారు కదే," అంది.

తులసికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముక్కు చీదుకుని, పొద్దుపోతే ఆటో దొరకదని, వెళ్ళిపొమ్మని తల్లికి చెప్పింది. తవిటమ్మ లేవలేదు. ఇంకో పది నిమిషాలు ఉంటానంది. అలాగే కూచుంది.

కాసేపటికి హైమ నడుం మీద చేతులు వేసుకుని ఆగిపోయింది. మేడమ్ విజిలు నోట్లో పెట్టుకుని గట్టు వైపు చూసింది. తులసి అప్పటికే లేచి నిలబడి ఉంది. తవిటమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఇంకాస్త ముందుకి జరిగింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.